పాత వీడియో గేమ్ బాణీలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పాత వీడియో గేముల సంగీతం మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. వినడానికి సంబంధించినవి ముందు పెట్టాం. బాణీ కట్టేవాళ్ల ప్రశ్నలు, పాత కన్సోల్ దగ్గర పెట్టుకుని తంటాలు పడేవాళ్ల ప్రశ్నలు ఆ తర్వాత.

ప్రశ్న: మా పన్నెండేళ్ల అబ్బాయి ఎప్పుడు చూసినా సూపర్ మారియో బాణీ ఈల వేస్తుంటాడు. వాడు ఆ ఆట ఒక్కసారీ ఆడలేదు. చిన్నప్పుడు ఆడినవాళ్లకి జ్ఞాపకాలు కదులుతాయి, సరే. వీడికి ఎందుకు ఎక్కింది?

జవాబు: జ్ఞాపకాలకి ఇందులో వాటా ఉంది గాని, దానికి అందరూ ఇచ్చేంత పెద్ద వాటా కాదు. అందుకు మీ అబ్బాయే సాక్ష్యం.

1985 నాటి ఆ బాణీ నింటెండో సంగీతకర్త కోజీ కోండోది. అప్పటి నింటెండో చిప్‌లో రాగం పలికించడానికి ఆయన చేతిలో ఉన్నవి మూడు గొంతులు: పైన పాట, దానికి తోడు రెండో గొంతు, కింద బేస్. తాళానికి, హుష్షుమనే శబ్దం పలికే నాయిస్ చానల్ ఒకటి. వాయిద్యాల హంగుతో వినేవాణ్ణి మెప్పించే దారి లేదు కాబట్టి, చెప్పదలుచుకున్నదంతా ఆ పై గీతలోనే చెప్పాలి. ఈలలో పలికేది కూడా ఒక్క గీతే. అందుకే అది నోటికి అంత తేలిగ్గా వస్తుంది. ఇప్పటి పెద్ద ఆటల నేపథ్య సంగీతం వందమంది ఆర్కెస్ట్రాతో ఎంత గంభీరంగా ఉన్నా, ఆట కట్టేశాక ఒక్క ముక్క కూనిరాగం తీయమంటే చాలామంది తడుముకుంటారు.

రెండోది, మళ్లీ మళ్లీ వినిపించడం. పదేపదే ఎదురయ్యే దాన్ని మనసు ఇష్టపడటం మొదలుపెడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లోనే చూపించారు. అయితే మళ్లీ మళ్లీ వినిపిస్తే చాలనుకుంటే పొరపాటు. చెత్త బాణీని నలభైసార్లు వినిపిస్తే జనం టీవీ గొంతు నొక్కేస్తారు. ఆటగాడు ఒకే దశలో అరగంట ఇరుక్కుపోవచ్చని ఆనాటి సంగీతకర్తలకి తెలుసు, బాణీని అందుకు తగ్గట్టే కట్టారు. మారియో బాణీని శ్రద్ధగా వినండి. చిన్న చిన్న ఖండాలు తిరిగి వస్తుంటాయి గాని, వరుస ఎప్పుడూ ఒకటే కాదు. చాలా ఆటల్లో పాట ఒక చుట్టు పూర్తయ్యే చోట బాణీ షడ్జమం మీద స్థిరపడదు, పంచమం దగ్గర గాల్లో ఆగుతుంది. దాంతో మొదటి స్వరం కోసం చెవి తానే ఎదురుచూస్తుంది, అతుకు కనిపించదు.

మూడోది ఆటతో ముడి. 1978 స్పేస్ ఇన్వేడర్స్‌లో ఉన్నది దిగుతూ పోయే నాలుగే నాలుగు స్వరాలు. శత్రువులు తగ్గేకొద్దీ అవి వేగం పుంజుకుంటాయి, ఆడేవాడి గుండె కూడా. మారియోలో గడియారం 100 లోపుకి రాగానే పాట పరుగందుకుంటుంది. 1990 సూపర్ మారియో వరల్డ్‌లో యోషీ వీపెక్కగానే అదే పాటకి డ్రమ్ముల దరువు తోడవుతుంది.

ఇదంతా చిప్ గొంతు మహిమే అనుకునేవాళ్లకి ఒక మాట. డ్రాగన్ క్వెస్ట్ సంగీతాన్ని కోయిచి సుగియామా 1987లోనే టోక్యోలో ఆర్కెస్ట్రాతో కచేరీగా వినిపించారు. 2021 టోక్యో ఒలింపిక్స్ ఆరంభోత్సవంలో క్రీడాకారులు నడిచింది గేమ్ బాణీలకే. 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మారియో బాణీని భద్రపరచాల్సిన రికార్డింగుల జాబితాలో చేర్చింది. వాయిద్యం మార్చినా నిలబడ్డదంటే, బలం బాణీలోనే ఉందన్నమాట.

ప్రశ్న: మూడు గొంతులంటారు. వింటుంటే మాత్రం కార్డులు (కలిసి మోగే స్వరాలు), ప్రతిధ్వని, డ్రమ్ములు అన్నీ ఉన్నట్టే ఉంటాయి. ఇదెలా కుదిరింది?

జవాబు: సగం చిప్ పని, సగం చెవిని మోసం చేయడం. ముందు చిప్ సంగతి. 1983లో వచ్చిన ఫామికామ్, దాని విదేశీ రూపమైన ఎన్‌ఈఎస్, రెండింటిలోనూ ధ్వని పుట్టేది ప్రాసెసర్ చిప్‌లోనే. దాని పేరు రికో 2ఏ03. అందులో చానళ్లు ఐదు: పల్స్ చానళ్లు రెండు, ట్రయాంగిల్ ఒకటి, నాయిస్ ఒకటి, రికార్డు చేసిన శబ్దాన్ని పలికించే డీపీసీఎం ఒకటి.

పల్స్ చానల్‌కి 16 మెట్ల వాల్యూమ్, నాలుగు రకాల గొంతు ఉంటాయి. తరంగం ఎంతసేపు పైన ఉంటుందన్నదే తేడా: 12.5 శాతమైతే సన్నగా ముక్కుతో పాడినట్టు, 25 అయితే మెరుపుగా, 50 అయితే గుల్లగా వినిపిస్తుంది. 75 అన్నది 25కి తిరగేసిన రూపమే, విడిగా వింటే చెవికి తేడా తెలియదు. ట్రయాంగిల్‌కి వాల్యూమ్ లేదు. మోగుతుంది, లేదా ఆగుతుంది, అంతే. శ్రుతి కోసం పల్స్‌కి ఇచ్చిన అంకే దానికిస్తే ఒక స్థాయి కింద పలుకుతుంది కాబట్టి బేస్‌కి సరిపోయింది.

ఇక మోసాలు. కార్డు కావాలంటే మూడు స్వరాలు ఒకేసారి మోగాలి, చానల్ చూస్తే ఒకటే. అందుకని ఆ మూడింటినీ ఫ్రేముకొకటి (టీవీ తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ ఒకటి) చొప్పున తిప్పుతారు. సెకనుకి 60 ఫ్రేములు, అంటే కార్డు మొత్తం సెకనుకి 20 సార్లు తిరుగుతుంది. చెవి దాన్ని మిలమిలలాడే ఒకే కార్డుగా కలిపేసుకుంటుంది. మూడే గొంతులున్న కమోడోర్ 64లో ఈ విద్యని యూరప్ సంగీతకర్తలు మరీ ముదిరించారు.

ప్రతిధ్వనికి రెండో పల్స్‌లో అదే పాటని స్వరాల పట్టికలో రెండు మూడు వరసలు ఆలస్యంగా, మూడో వంతు వాల్యూమ్‌లో నడిపిస్తారు. రెండో చానల్ ఖాళీ లేకపోతే, పాటలో స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్న సందులోనే వెనకటి స్వరాన్ని మెల్లగా మరోసారి పలికిస్తారు.

డ్రమ్ముల్లో అసలు తెలివి ట్రయాంగిల్‌ది. బేస్ స్వరం మొదలయ్యే ముందు మూడు నాలుగు ఫ్రేములపాటు అదే చానల్‌ని పైస్థాయి నుంచి సర్రున కిందికి జార్చి, వెంటనే బేస్‌కి వచ్చేస్తారు. వినేవాడికి కిక్ డ్రమ్, బేస్ కలిసి మోగినట్టే ఉంటుంది. నిజానికి ఆ కొద్దిసేపూ బేస్ లేనే లేదు.

డీపీసీఎం మెమరీని బాగా తింటుంది. అత్యధిక వేగం దాదాపు 33 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక శాంపిల్ (రికార్డు చేసిన శబ్దపు ముక్క) గరిష్ఠ నిడివి 4,081 బైట్లు. ఆ లెక్కన ఒక్క సెకను కూడా రాదు. సూపర్ మారియో 3లో దాన్ని డ్రమ్ములకి వాడారు. సన్‌సాఫ్ట్ వాళ్లయితే జర్నీ టు సీలియస్ లాంటి ఆటల్లో బేస్ గిటార్‌కే వాడి ట్రయాంగిల్‌ని ఖాళీ చేసుకున్నారు. ఆ బేస్ ఇప్పటికీ ఒళ్లు ఝల్లుమనిపిస్తుంది.

ప్రశ్న: మారియో గెంతినప్పుడల్లా పాటలో ఏదో స్వరం మాయమవుతుంది. నా కాసెట్టు పాడైందా?

జవాబు: లేదు, అది అలాగే ఉండాలి. గెంతే శబ్దం మొదటి పల్స్ చానల్‌ని, నాణెం శబ్దం రెండో పల్స్‌ని లాక్కుంటాయి. శబ్దం అయిపోగానే పాట తన చోటుకి తిరిగొస్తుంది. ఆ కాస్తసేపూ బేస్, తాళం ఆగవు కాబట్టి లయ తెగదు.

ప్రశ్న: నా దగ్గరున్న యూరప్ కన్సోల్‌లో కొన్ని ఆటల పాటలు నీరసంగా, శ్రుతి తగ్గి వినిపిస్తాయి. కంప్యూటర్లో వేగం 20 శాతం పెంచితే ఈసారి శ్రుతి పెరిగిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: అక్కడ జరుగుతున్నవి రెండు వేర్వేరు తేడాలు, మీరు ఒకే మందు వేస్తున్నారు.

పాటని నడిపే ప్రోగ్రాం టీవీ ఫ్రేముకి ఒకసారి కదులుతుంది. జపాన్, అమెరికా కన్సోళ్లలో సెకనుకి 60, యూరప్ కన్సోల్లో 50. ప్రోగ్రాం సరిచేయకుండా అమ్మిన ఆటలో నిమిషానికి 150 దెబ్బల పాట 125కి పడిపోతుంది. శ్రుతి మాత్రం ఫ్రేముల మీద కాదు, ప్రాసెసర్ గడియారం మీద ఆధారపడుతుంది. అది ఒకచోట 1.79 మెగాహెర్ట్జ్, మరోచోట 1.66. పల్స్ చానల్‌కి 253 అనే అంకె ఇస్తే మొదటి దాంట్లో 440 హెర్ట్జ్, రెండో దాంట్లో 409 హెర్ట్జ్ పలుకుతుంది. వేగం ఆరో వంతు తగ్గితే, శ్రుతి తగ్గింది అర స్వరం కంటే కొంచెం ఎక్కువ, అంతే. రెండూ ఒకే పాళ్లలో తగ్గలేదు కాబట్టి ఒకే పాళ్లలో పెంచితే కుదరదు.

ఆడాసిటీ లాంటి ఎడిటర్లో ముందు శ్రుతి మార్చకుండా టెంపోని 20 శాతం పెంచండి. తర్వాత టెంపో కదలకుండా శ్రుతిని 1.28 సెమిటోన్లు (అర స్వరాలు) పెంచండి. కాకపోతే ఇలా సాగదీసిన శబ్దంలో డ్రమ్ముల అంచులు కొద్దిగా మొద్దుబారతాయి. శుభ్రంగా కావాలంటే ఆటలోని సంగీత ప్రోగ్రాం ఉండే ఎన్‌ఎస్‌ఎఫ్ ఫైలుని ఎమ్యులేటర్లో (కన్సోల్‌ని అనుకరించే ప్రోగ్రాంలో) 60 హెర్ట్జ్ పద్ధతిలో నడిపించి రికార్డు చేయడమే మేలు. యూరప్ కోసం ప్రత్యేకంగా సరిచేసిన ఆటల్ని మాత్రం ఇలా నడిపితే అవసరానికి మించి పరిగెడతాయి. వాటిని ముట్టుకోకండి.

ప్రశ్న: ఎన్‌ఈఎస్ బాణీలు కట్టే ఫామిట్రాకర్ ప్రోగ్రాంలో సొంత బాణీ చేశాను. స్వరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, కాని ప్రాణం లేదు, అంతా ఒకే మోతగా ఉంది. పాత ఆటల్లా ఎందుకు రావడం లేదు?

జవాబు: దాదాపు ఖాయంగా చెప్పొచ్చు, మీ ఇన్‌స్ట్రుమెంట్‌కి వాల్యూమ్ వరస పెట్టలేదు. స్వరం మొదటి నుంచి చివరి దాకా 15లో నిలబడి ఉంటే మోతే వస్తుంది. ఇన్‌స్ట్రుమెంట్ తెరిచి వాల్యూమ్ వరసలో 15 12 10 8 7 6 5 4 అని ఇవ్వండి. అంకె ఫ్రేముకొకటి. ఈ ఒక్క మార్పుతోనే మీటినట్టు వినిపిస్తుంది. దీర్ఘ స్వరాలకి ఇంకో ఇన్‌స్ట్రుమెంట్ చేసుకుని 8 దగ్గర నిలపండి. తర్వాత డ్యూటీ (తరంగం పైన ఉండే శాతం) వరసలో 2 2 1 ఇవ్వండి. మొదటి రెండు ఫ్రేములు 50 శాతం, ఆపైన 25 శాతం గొంతు వస్తుంది. స్వరం ఎత్తుగడలో చిన్న విరుపు కనిపిస్తుంది.

పాటకి వైబ్రాటో (స్వరాన్ని ఊపడం) ఇవ్వాలంటే స్వరం మొదలైన వెంటనే కాదు, పావు సెకను ఆగాక ఇవ్వండి. అంటే 15 ఫ్రేములు. గాయకులు కూడా స్వరం మీద నిలదొక్కుకున్నాకే ఊపుతారు. మొదటి ఫ్రేము నుంచీ ఊగితే శ్రుతి తప్పినట్టే ఉంటుంది.

ట్రయాంగిల్‌లో ఒకే స్వరాన్ని పక్కపక్కనే రెండుసార్లు రాస్తే ఒకటే పొడుగు స్వరంగా అతుక్కుపోతుంది. వాల్యూమ్ తగ్గదు కాబట్టి రెండోది మొదలైన గుర్తే ఉండదు. మధ్యలో కోత పెట్టండి, ఒకటి రెండు ఫ్రేముల ఖాళీ చాలు. బేస్‌కి నడక వస్తుంది.

నాయిస్‌లో వాల్యూమ్ వరసని హై-హాట్‌కి (డ్రమ్ సెట్లో తాళాల శబ్దం) 8 4 2 0, స్నేర్‌కి (చురుకైన డ్రమ్ దెబ్బ) 15 11 8 5 3 1 0 తో మొదలుపెట్టి చెవికి తగ్గట్టు మార్చుకోండి. హై-హాట్ పెద్దగా పెట్టడం కొత్తవాళ్లందరూ చేసేదే. నాయిస్ ఎంత తక్కువుంటే పాట అంత పెద్దగా వినిపిస్తుంది.

కార్డులకి 047 రాస్తే మేజర్, 037 రాస్తే మైనర్. పాటంతా ఇదే నింపితే విసుగొస్తుంది, రెండో పల్స్‌కి తోడు గొంతు రాయడమే కష్టమైనా మంచి పని.

వేగం విషయంలో ఒక చిక్కుంది. ట్రాకర్ పట్టికలో ఒక అడ్డు వరసకి 6 ఫ్రేములు, దెబ్బకి నాలుగు వరసలు అయితే నిమిషానికి 150 దెబ్బలు. 5 ఫ్రేములైతే 180, 7 అయితే సుమారు 128.6, 8 అయితే 112.5. వీటి మధ్య అంకెలేవీ నేరుగా రావు. మీరు టెంపో 140 అని ఇస్తే ట్రాకర్ కాదనదు, కొన్ని వరసల్ని 6 ఫ్రేములు, కొన్నిటిని 7 ఫ్రేములు చేసి సగటు సరిపెడుతుంది. వేగంగా సాగే హై-హాట్‌లో ఆ తడబాటు స్పష్టంగా తెలుస్తుంది. పాత పాటలు ఎక్కువగా ఈ మెట్ల మీదే నడుస్తాయి. మీరూ అక్కడే కట్టండి.

ఇవన్నీ చేసే ముందు మొదటి పల్స్ తప్ప మిగతావన్నీ మ్యూట్ చేసి వినండి. ఒంటరిగా ఆ గీత నిలబడకపోతే పైపూతలు దాన్ని కాపాడలేవు.

ప్రశ్న: వైబ్రాటో పెడితే కొన్ని స్వరాల దగ్గరే టిక్ టిక్‌మని శబ్దం వస్తోంది. పక్క స్వరంలో రాదు. స్పీకరు మార్చి చూశాను, అదే తంతు.

జవాబు: స్పీకరు తప్పేం లేదు. పల్స్ చానల్ శ్రుతి అంకె (అది పెరిగితే శ్రుతి తగ్గుతుంది) 11 బిట్లు. చిప్‌లో అది రెండు రిజిస్టర్లలో (అంకెలు దాచే గళ్లలో) ఉంటుంది: కింది 8 బిట్లు ఒకచోట, పై 3 బిట్లు మరోచోట. పై రిజిస్టరుని ముట్టుకున్న ప్రతిసారీ తరంగం మధ్యలో తెగి మొదటి నుంచి మొదలవుతుంది. ఆ తెగడమే మీకు వినిపించే టిక్. అంకె 256 గుణిజాల గీత దాటినప్పుడే, అంటే 255 నుంచి 256కి, 511 నుంచి 512కి, 767 నుంచి 768కి, ఇలా దాటినప్పుడే పై రిజిస్టరు మారుతుంది.

440 హెర్ట్జ్ ఏ4 (A4) స్వరం అంకె 253. వైబ్రాటో మూడు మెట్లు కిందికి ఊగితే 256 గీత దాటుతుంది, వెనక్కి వస్తూ మళ్లీ దాటుతుంది. పైనున్న బీ4 అంకె 225 దగ్గరుంటుంది, అది ఎంత ఊగినా ఆ గీత దరిదాపుల్లోకి రాదు. ఏ3 అంకె 507, అక్కడ కాస్త పెద్ద ఊపు ఇస్తే 512 దాటి అదే గోల. ‘ఏ’ (A) స్వరం ఎక్కువగా వచ్చే బాణీల్లో ఈ ఫిర్యాదు అందుకే వస్తుంది.

మందులు మూడున్నాయి. పాట మొత్తాన్ని ఒకటి రెండు సెమిటోన్లు ఎత్తండి. లేదా ఆ స్వరం దగ్గర ఊపు లోతు తగ్గించండి. లేదా ఫామిట్రాకర్‌లో వైబ్రాటోని పైకి మాత్రమే ఊగే పాత పద్ధతికి మార్చండి, అంకె తగ్గడమే తప్ప పెరగదు కాబట్టి గీత దాటదు. ట్రయాంగిల్‌కి ఈ జబ్బు లేదు.

అదే 11 బిట్ల లెక్క వల్ల బాగా పైస్థాయిలో శ్రుతి కూడా తప్పుతుంది. 4,186 హెర్ట్జ్ సీ8కి చిప్ ఇవ్వగల దగ్గరి స్వరం 4,143. అర స్వరంలో దాదాపు ఐదో వంతు తక్కువ. పాటని అంత పైకి తీసుకెళ్లకండి.

ప్రశ్న: సూపర్ నింటెండో సంగీతం ఆర్కెస్ట్రాలా ఉంటుంది, కాని దుప్పటి కింద నుంచి వినిపించినట్టు ఎందుకుంటుంది? అలాంటి శాంపిళ్లు చేసుకుంటే లూప్ దగ్గర శ్రుతి మారిపోతోంది.

జవాబు: 1990 నాటి ఆ యంత్రం ధ్వని భాగాన్ని రూపొందించింది సోనీలో ఉన్న కెన్ కుతరాగి. ఎనిమిది చానళ్లు, ప్రతిదీ శాంపిలే. మెమరీ మాత్రం 64 కిలోబైట్లు. ప్రోగ్రాం, స్వరాల వరస, వాయిద్యాలు, ప్రతిధ్వని అన్నీ అందులోనే సర్దుకోవాలి. 16 శాంపిళ్లని (ఇక్కడ శాంపిల్ అంటే శబ్దపు ఒక్కో కొలత) 9 బైట్లకి కుదించే పద్ధతి ఉన్నా, 32 కిలోహెర్ట్జ్‌లో ఒక్క సెకను శబ్దానికి 18,000 బైట్లు కావాలి. ఏమీ మిగల్చకుండా నింపినా నాలుగు సెకన్లు రావు. అందుకని వాయిద్యాలని తక్కువ రేటులో తీసుకుని, చిన్న ముక్కని లూప్ చేసి సాగదీశారు. పైగా శ్రుతి మార్చేటప్పుడు చిప్ వాడే గాసియన్ ఫిల్టరు పై శబ్దాల్ని కోసేస్తుంది. మీరన్న దుప్పటి అదే. 1994 డాంకీ కాంగ్ కంట్రీలో డేవిడ్ వైజ్ నీటి దశకి కట్టిన బాణీ వినండి, ఆ మెత్తదనాన్నే ఎంత అందంగా వాడుకున్నారో.

మీ లూప్ సంగతికొస్తే, లూప్ పొడవు 16 శాంపిళ్ల గుణిజమై తీరాలి. కుదింపు దిమ్మె పరిమాణం అదే కాబట్టి. 32,000 హెర్ట్జ్‌లో 440 స్వరం ఒక చుట్టుకి 72.7 శాంపిళ్లు వస్తాయి. దాన్ని కన్వర్టరు 64కో 80కో నెట్టేస్తే శ్రుతి మారక ఏం చేస్తుంది? ముందే శాంపిల్‌ని 28,160 హెర్ట్జ్‌కి మార్చండి. అప్పుడు ఒక చుట్టు సరిగ్గా 64. లూప్‌లో అలాంటి చుట్లు ఎన్ని పెట్టినా లెక్క తప్పదు.

ప్రతిధ్వని దగ్గర జాగ్రత్త. ప్రతి 16 మిల్లీసెకన్ల ఆలస్యానికి 2 కిలోబైట్లు పోతాయి. గరిష్ఠం 240 మిల్లీసెకన్లు, అంటే 30 కిలోబైట్లు, మెమరీలో దాదాపు సగం. అంత చోటు వదలకుండా ఆలస్యం పెంచితే ప్రతిధ్వని బఫరు మీ శాంపిళ్ల మీదే రాసేస్తుంది. కొన్ని క్షణాలు బాగానే పాడి, ఉన్నట్టుండి గీపెట్టిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ప్రశ్న: ఎన్‌ఎస్‌ఎఫ్, ఎస్‌పీసీ ఫైళ్లు ఎంపీ3 కంటే అంత చిన్నగా ఎలా ఉంటాయి? పాట ఆగకుండా పోతూనే ఉంటుందేం?

జవాబు: వాటిలో రికార్డింగు లేదు. ఎన్‌ఎస్‌ఎఫ్‌లో ఉండేది ఆటలోంచి తీసిన సంగీత ప్రోగ్రాం, దానికి ముందు 128 బైట్ల తలకట్టు. ఎస్‌పీసీ అంటే పైన చెప్పిన 64 కిలోబైట్ల మెమరీకి ఒక క్షణంలో తీసిన నకలు. వీజీఎం ఫైల్లో చిప్‌కి వెళ్లిన ఆజ్ఞలు సమయంతో సహా ఉంటాయి. ప్లేయరు చిప్‌ని అనుకరిస్తూ అక్కడికక్కడ పాటని పుట్టిస్తుంది. ఎన్‌ఎస్‌ఎఫ్‌కి ముగింపు తెలియదు, ప్రోగ్రాం చుట్టు తిరుగుతూనే ఉంటుంది. ప్లేయరులో రెండు చుట్లు, ఆపైన 10 సెకన్ల ఫేడ్ పెట్టుకోండి. వీఎల్‌సీ ఈ మూడింటినీ పాడిస్తుంది గాని, స్వరాలు రాసుకోవాలనుకునేవాళ్లు చానళ్లని విడిగా మ్యూట్ చేయగల ప్లేయరు ఎంచుకోవాలి. బేస్ ఒక్కటే వదిలి రెండు చుట్లు వింటే, కీబోర్డు మీద పట్టుకోవడం సగం అయిపోయినట్టే.

ప్రశ్న: నేను చేసే చిన్న ఆటలో టెట్రిస్ పాట వాడుకోవచ్చా? అది జానపదమే కదా?

జవాబు: గేమ్ బాయ్ టెట్రిస్‌లో వినిపించే ఆ పాట కొరొబేనికి, 19వ శతాబ్దపు రష్యన్ పాట. బాణీ అందరిదీ. గేమ్ బాయ్‌లోని ఆ కూర్పు మాత్రం అందరిదీ కాదు. మీరే సొంతంగా కూర్చుకోండి, ఆట ఫైల్లోంచి తీయకండి. కాపీరైట్ తిప్పలు పెద్దవాళ్లకీ తప్పలేదు. 1986 జెల్డా మొదటి తెరకి ఫ్రెంచ్ సంగీతకర్త రావెల్ కట్టిన బొలెరో పెట్టాలనుకుని, దాని కాపీరైట్ ఇంకా తీరలేదని చివర్లో తెలిసి, కోండో దాని బదులు సొంత బాణీ ఇచ్చారు.

ప్రశ్న: అసలు కన్సోల్ నుంచే రికార్డు చేయాలని చూస్తున్నాను. పాట వెనక జుయ్‌మని హోరు. సెగా చేతి కన్సోల్ గేమ్ గేర్‌లో అయితే శబ్దం చెవి ఆనిస్తే గాని వినపడదు.

జవాబు: హోరు ఎక్కణ్ణుంచి వస్తోందో ముందు విడదీయాలి. లాప్‌టాప్ చార్జరు పీకి బ్యాటరీ మీద రికార్డు చేయండి. హోరు పోతే అది గ్రౌండ్ లూప్ (రెండు యంత్రాల ఎర్తింగు కలిసి వచ్చే హోరు). ఆడియో తీగ మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే తీరుతుంది. పోకపోతే, తెర మీద బొమ్మ మారినప్పుడు హోరు కూడా మారుతోందేమో గమనించండి. మారుతుంటే వీడియో సంకేతం ఆడియోలోకి కారుతోంది. రికార్డింగు మొదలయ్యాక వీడియో తీగ పీకేసి చూడండి.

తీగని మైక్ రంధ్రంలో పెట్టకండి, లైన్-ఇన్‌లో పెట్టాలి. మైక్ రంధ్రం సంకేతాన్ని ఎన్నో రెట్లు పెంచి పల్స్ అంచుల్ని చితక్కొడుతుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు పెట్టుకుని, అతి పెద్ద శబ్దం మైనస్ 6 డెసిబెల్ దాటకుండా చూడండి. ఎన్‌ఈఎస్ పక్కనుండే రంధ్రంలో వచ్చేది మోనో, రెండు చానళ్లలో వేర్వేరుగా వెతక్కండి. గేమ్ బాయ్ హెడ్‌ఫోన్ రంధ్రం మాత్రం స్టీరియో.

గేమ్ గేర్ సంగతి వేరు. అందులోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు కాలక్రమంలో కారిపోవడం మామూలే. వాల్యూమ్ పూర్తిగా పెంచినా నూతిలోంచి వచ్చినట్టు ఉంటే సౌండ్ బోర్డు మీద కెపాసిటర్లు పోయినట్టే. బ్యాటరీలు తీసి, పాతవాటిని ఒకేసారి లాగకుండా రెండు కాళ్లనీ మార్చి మార్చి వేడి చేస్తూ తీయండి. గట్టిగా లాగితే కింద రాగి పలక లేచివస్తుంది, అప్పుడు పని మూడింతలు. కారిన ద్రవాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాకే కొత్తవి వేయండి. మిగిలిపోయిన తడి రాగిని తినేస్తూ ఉంటుంది. విలువ పాతదానిదే ఉండాలి, వోల్టేజి తగ్గకూడదు, మైనస్ గీత ఎటుందో తీసే ముందే ఫొటో తీసి పెట్టుకోండి. తిరగేసి అతికిస్తే కెపాసిటర్ పగులుతుంది.